కుడితి తొట్టి లేని ఇంట్లో

తెనాలికి దగ్గర్లోని మా అమ్మమ్మగారి ఊళ్లో చెత్తబుట్ట అనే వస్తువును చూసిన గుర్తు నాకు లేదు. వంటింటి వెనక కుడితి తొట్టి ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, సొరకాయ తొక్కలు, పిల్లలం కంచంలో వదిలేసిన మెతుకులు అన్నీ అందులోకే పోయేవి. సాయంత్రానికి గేదె ఆ తొట్టిని అడుగుదాకా నాకేసేది. పొయ్యి బూడిదతో అంట్లు తోమేవారు. పేడా, ఊడ్చిన ఆకూ అలమూ దొడ్డి చివర పెంటకుప్పకు చేరి, ఎండాకాలంలో బండ్ల మీద పొలానికి వెళ్లేవి. చీర చిరిగితే బొంత అయ్యేది, బొంత చిరిగితే మసిగుడ్డ అయ్యేది. ‘పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మా’ అన్న కేక వినపడితే అత్తయ్యలు మూటలతో వీధిలోకి వచ్చి, గిన్నె సైజు దగ్గర గంటసేపు బేరమాడేవారు.

ఇప్పుడు నేనుండేది అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో. గేదె లేదు, దొడ్డీ లేదు. తొక్కలు మాత్రం అప్పుడెన్ని వచ్చేవో ఇప్పుడూ అన్నే వస్తున్నాయి.

పోయిన ఏడాది ఒక వారం పాటు మా ఇంటి చెత్తను తూచాను. మేం నలుగురం. ఏడు రోజులకు ఎనిమిది కిలోలు వచ్చింది. అందులో ఐదున్నర కిలోలు కూరగాయల తొక్కలు, టీ పొడి, కరివేపాకు రెబ్బలు, మిగిలిన అన్నం. ప్లాస్టిక్కే ఎక్కువ ఉంటుందని అనుకున్నదాన్ని, కాటా చూశాక ఆలోచన మార్చుకున్నాను. ప్లాస్టిక్ కవర్లు కంటికి కొండలా కనపడతాయి కానీ బరువంతా తడి చెత్తదే.

ఆ తడే మిగతాదాన్నంతా పాడు చేస్తుంది. ఈ మాట నాకు చెప్పింది మా వీధికి చెత్త బండితో వచ్చే అమ్మాయి. “సీసాలు, అట్టముక్కలు ఉత్తవైతే అమ్ముకుంటానమ్మా. సాంబారు అంటుకున్నాక పాత సామాను కొట్టువాడు ముట్టుకోడు” అంది. ఇంకో మాట కూడా అడిగింది: “గాజు పెంకులు కాగితంలో చుట్టి, పైన రాసి ఇవ్వమ్మా.” ఆమె బొటనవేలికి కట్టు ఉంది. ఎవరింటి గాజుపెంకో ఆమెకూ తెలియదు.

అలా కలిసిపోయిన చెత్త చివరికి డంపింగ్ యార్డుకు చేరుతుంది. తడి అడుగున పడి గాలి ఆడకపోతే కుళ్లి మీథేన్ వాయువు పుడుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే వేడిని పట్టి ఉంచడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే 25 రెట్లకు పైనే. వాన పడితే ఆ కుప్పలోంచి నల్లటి రసం ఊరుతుంది. హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ గుట్ట నుంచి దిగిన అలాంటి రసంతోనే పక్కనున్న మల్కారం చెరువు పాడైంది. అక్కడి జనం దశాబ్దాలుగా మొత్తుకుంటున్నది దీని గురించే. గాలి తగిలేలా కుళ్లితే అదే తొక్క ఎరువవుతుంది. తేడా గాలి దగ్గరే ఉంది.

తడి, పొడి, హానికర చెత్తలను మూడుగా వేరు చేసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ఇంటివాళ్లకే బాధ్యత అప్పజెప్పాయి. మా పక్క ఫ్లాటు వదినగారు మాత్రం, “మనం వేరు చేసినా బండిలో కలిపేస్తారటగా, ఎందుకీ శ్రమ?” అన్నారు. కొన్నిచోట్ల కలుపుతున్నారు, నిజమే. నా జవాబు ఒకటే: నా తడి చెత్త నా గడప దాటకపోతే దాన్ని ఎవరూ దేనిలోనూ కలపలేరు. బయటికి వెళ్లేది పొడిదే గనక, బండిలో కలిపినా నా చెత్త వల్ల ఇంకొకరి పొడి చెత్త పాడవదు.

అందుకే బాల్కనీలో కుండ పెట్టాను. చుట్టూ చిల్లులున్న మట్టికుండ, అడుగున ఎండుటాకులు. రోజూ తొక్కలు వేసి, పైన అంతకు రెట్టింపు ఎండుటాకులో కొబ్బరి పొట్టో కప్పుతాను. మొదట్లో నాలుగు చెంచాల పుల్లమజ్జిగ చల్లాను, అందులోని సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయని. మూడు రోజులకోసారి కర్రతో కలిపితే చాలు. రెండో వారంలో కంపు కొట్టింది. అంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకో రెండు గుప్పిళ్ల ఆకులు వేస్తే తగ్గింది. చీమలు పట్టాయంటే ఎండిపోయిందని, కాసిని నీళ్లు చిలకరించాలి. తెల్లగా లావుపాటి పురుగులు కనపడి మావారు కంగారు పడ్డారు కానీ, అవి కుట్టవు, తిని ఎరువు చేస్తాయి. ఊరగాయలు, నూనె కూరలు, చేపముళ్లు మాత్రం వేయను. రెండు నెలలు దాటాక అడుగు నుంచి తీస్తే తొలకరి వాసన వేసే నల్లటి పొడి వచ్చింది. అమ్మమ్మ దొడ్లో పెంటకుప్ప తవ్విన రోజు వచ్చే వాసన అదే.

పొడి చెత్తలో నేను ఎక్కువ పట్టించుకునేది పాల ప్యాకెట్లను. కడిగి ఆరేస్తే పాత సామాను కొట్టులో తీసుకుంటారు. మూల పూర్తిగా కత్తిరించి పారేసే ఆ చిన్న ముక్క మాత్రం ఎవరి చేతికీ దొరకదు, తూములోంచి కాలవలోకి పోతుంది. ఇప్పుడు సగమే కత్తిరించి, ముక్కను ప్యాకెట్‌కే వేలాడనిస్తున్నాను. చిప్స్ ప్యాకెట్లకు ఈ ఉపాయం కూడా లేదు. లోపల వెండిలా మెరిసే పొర ప్లాస్టిక్‌కు అతుక్కుని విడదీయడానికి రాదు, అందుకే కొట్టువాడు కొనడు. కాగితపు టీ గ్లాసూ అంతే, లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. వీటిని కొనకపోవడమే దారి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలను దేశమంతా నిషేధించినా మన పెళ్లిళ్లలో ఇంకా కనపడుతున్నాయి. సిద్దిపేటలో స్టీలు బ్యాంకులు పెట్టి, శుభకార్యాలకు కంచాలూ గ్లాసులూ ఇచ్చి పుచ్చుకుంటున్నారు. ప్రతి ఊరికీ, ప్రతి అపార్ట్‌మెంటుకూ అలాంటిది ఒకటి కావాలని నా గట్టి నమ్మకం. మా అపార్ట్‌మెంటులో వంద కంచాలకు చందాలు అడుగుతున్నాను, ఇప్పటికి నలభై సమకూరాయి.

మీరూ మొదలుపెట్టేటట్టయితే ముందు కుండ కొనండి. చిల్లులు మాత్రం మట్టి పచ్చిగా ఉన్నప్పుడే కుమ్మరి చేత పెట్టించుకోండి. కాల్చిన కుండకు ఇంట్లో చిల్లులు పెట్టబోతే పగులుతుంది.