బొమ్మ పలికిన నిజము

బ్రిటిష్ టెలివిజన్‌లో 2001 నుండి 2004 వరకు ‘టూడీటీవీ’ అను కార్యక్రమము ప్రసారమయ్యెను. అందు నాటి ప్రధాని టోనీ బ్లెయిర్, అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ వంటివారిని కదలు బొమ్మలుగా చిత్రించి, చిన్న చిన్న ఘట్టములలో ఎగతాళి చేసిరి.

ఈ విద్య మనకు క్రొత్త కాదు. తోలుబొమ్మలాటలో రామాయణ కథ నడుమ కేతిగాడు, బంగారక్క తెరపైకి వచ్చి ఊరి సంగతులపై చెణుకులు విసరుదురు, పెద్దలనైనను విడువరు. మనిషి పలికిన కోపము తెప్పించు మాటకు, బొమ్మ పలికినచో సభ నవ్వును, నవ్వి ఆలోచించును.

అయినను ప్రతి ఎగతాళియు వ్యంగ్యము కాదు. బలవంతుని తప్పును చూపునది వ్యంగ్యము. బలహీనుని యాసను, పేదరికమును ఆడిపోసుకొనునది వెకిలితనము. వర్లి, కామాటిపుర చాళ్లలో మన తెలుగును ఇతరులు వెక్కిరించినను, ఇతరుల మాటను మనము వెక్కిరించినను అది రెండవదే.

తల్లిదండ్రులారా! కేతిగాని మాటలు జ్ఞాపకమున్నచో ఈ రాత్రి పిల్లలకు వినిపింపుడు.