చల్ల మిరప, బెల్లపు మిరప

బావుల క్రింద పచ్చిమిరప ఒక్కుమ్మడిగా కోతకు వచ్చినప్పుడు ఏమి జరుగునో రైతు సోదరులకు చెప్పనక్కరలేదు. సంతలో ధర పడిపోవును. కోత కూలి, బండి బాడుగ పోను చేతికి ఏమియు మిగలదు. ఎండుమిరప అయినచో హిందూపురం మార్కెట్టు (2022 నుండి ఇది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది) కలదు. ధర వచ్చువరకు కాయను నిలువ ఉంచవచ్చును. పచ్చికాయకు ఆ వెసులుబాటు లేదు. అందుచే కొందరు కాయను చెట్టుననే వదలివేయుదురు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు అనంతపురం మెట్టపై, బోరునీటితో పెంచిన కాయను అట్లు వదలుట చూచినప్పుడు మనసు చివుక్కుమనును.

ఆ పంటనంతటిని కాపాడు ఉపాయము నా వద్ద లేదు. కాని కొన్ని బుట్టల కాయనైనను ఇంటిలో నిలువ చేసికొనుటకు రెండు మార్గములు కలవు. ఒకటి మన అవ్వలు ఎరిగిన చల్ల మిరప. రెండవది మన ఇండ్లలో అంతగా అలవాటు లేని బెల్లపు మిరప. రెంటికిని కావలసినది పొడిగాలి, మంచి ఎండ. కోస్తాలో గాలి తేమ వలన కాయ త్వరగా ఆరదు. మనకు ఆ బాధ లేదు.

మొదట ఒక హెచ్చరిక. పురుగుమందు చల్లిన తోటలో, డబ్బాపై వ్రాసిన గడువు దాటక ముందు కాయ కోయరాదు. మజ్జిగలో ఊరవేసినంత మాత్రమున మందు పోవునని కొందరు అనుకొనుచున్నారు. పోదు.

చల్ల మిరపకు కండ కొంచెము మందముగా, కారము మితముగా ఉన్న లేత ఆకుపచ్చ కాయలు మేలు. తొడిమ తీయరాదు. కాయను కడిగి, తడి ఆరిన పిదప ప్రక్కన ఒక గాటు పెట్టవలెను. కిలో కాయకు లీటరు చిక్కని పుల్లమజ్జిగ, 100 గ్రాముల ఉప్పు, కొంచెము వాము చాలును. జాడీలో రెండు రోజులు ఊరనిచ్చి, మూడవనాడు కాయలను తీసి ఎండలో పరచవలెను. మజ్జిగ జాడీలోనే ఉండును. సాయంకాలము కాయలను మరల అందులో వేయవలెను. మజ్జిగ ఇంకిపోవు వరకు ఇట్లే చేసి, ఆపై గలగలలాడు వరకు ఎండబెట్టవలెను. కిలో కాయకు సుమారు పావుకిలో వచ్చును.

కారము తగ్గుటకు కారణమున్నది. కారమునిచ్చు కాప్సైసిన్ పుట్టునది గింజలలో కాదు, గింజలు అంటియుండు తెల్లని ఈనెలో. అది నీటిలో సరిగా కరగదు. మజ్జిగలోని కొవ్వు, కేసీన్ అను మాంసకృత్తు దానిని పట్టుకొనును. రాగిసంగటిలో పెరుగు కలుపుకొనిన నోటి మంట చల్లారుటకు కారణము గూడ ఇదియే.

చెడిపోవుట ఎక్కువగా చివరి ఎండబెట్టుటలో జరుగును. మా ఇంటిలో ఒక యేడు పైకి ఎండినట్లు కనబడిన కాయలను తొందరపడి డబ్బాలో పోసితిమి. తొడిమ దగ్గర తడి మిగిలియున్నది. రెండు వారములలో లోపలంతయు బూజు. దులిపి మరల ఎండబెట్టుదమని ఇంటివారన్నారు, నేను పారవేయించితిని. వేరుసెనగలో అఫ్లటాక్సిన్ సంగతి మన రైతులు వినియున్నారు. ఆ విషము మిరపలోను రావచ్చును. నూనెలో వేయించినను అది పూర్తిగా పోదు. కావున ఒక కాయను తొడిమ దగ్గర విరిచి చూడవలెను. ఫటుక్కున విరిగిన సరి. వంగినచో మరొక ఎండ కావలెను. ఆషాఢపు గాలికి దుమ్ము లేచును గనుక పైన పలుచని గుడ్డ కప్పుట మరువరాదు. ఉప్పుకు రేకు డబ్బా త్రుప్పు పట్టును. గాజు సీసా మంచిది.

ఇక బెల్లపు మిరప. మిరప పుట్టిల్లయిన అమెరికా ఖండమున నేడు దీనిని చక్కెరతోను, వెనిగర్‌తోను చేయుచున్నారు. మనకు బెల్లము, నిమ్మరసము చాలును. బెల్లపు ఆవకాయ తినువారికి ఈ రుచి క్రొత్త కాదు.

కిలో కాయలను చీల్చి, గింజలు, ఈనె తీసి, మరుగునీటిలో మూడు నిమిషములుంచి వార్చవలెను. కిలో బెల్లమును అరలీటరు నీటిలో కరిగించి, ఇసుక, నలకలు పోవునట్లు వడకట్టి, రెండు నిమ్మకాయల రసము కలిపి కాయలను అందులో వేయవలెను. మరునాడు కాయలు తీసి, పావుకిలో బెల్లము చేర్చి పాకమును కాచి, కాయలపై మరల పోయవలెను. నాలుగైదు రోజులలో తీగపాకమునకు తేవలెను. మొదటనే ముదురు పాకములో వేసినచో కాయలోని నీరు ఒక్కసారిగా బయటికి లాగబడి కాయ తోలువలె ముడుచుకొనును. పాకము పలుచగా విడిచినచో పులియును. తూకములో మూడింట రెండు పాళ్లకు మించి తీపి చేరిననే నిలువ ఉండును. పాకము దించి, కాయలను జల్లెడలో వార్చి, రెండు ఎండలు చూపవలెను. చీమలకు నీటిపళ్లెము పెట్టుట మంచిది. వానకాలములో ఈ కాయ గాలిలోని తేమను పీల్చును గనుక మూత బిగువుగా ఉండవలెను.

అమ్మదలచువారు 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద ముందుగా నమోదు చేయించుకొనవలెను. జాడీలో మిగిలిన కారపు పాకమును మాత్రము అమ్మబోకుడు. రాగిరొట్టెకు అద్దుకొని తిని చూడుడు.