హ్యాండ్ గేరు ఊగుతోందా?

అంబాసిడర్ కారు మీకు తెలుసు. పెళ్ళికూతుర్ని అత్తారింటికి తీసుకెళ్ళిన కారు అది. నొప్పులు వస్తే ఏలూరు ఆస్పత్రికి చేర్చిన కారు కూడా అదే. హిందూస్థాన్ మోటార్స్ కంపెనీ 1958 నుంచి ఈ కార్లు తయారు చేసింది. 2014లో ఆపేసింది. అయినా పాత బళ్ళు అక్కడక్కడా ఇంకా తిరుగుతున్నాయి. మీ ఇంట్లో అలాంటి బండి ఉంటే, దాని మీదే ఇల్లు గడుస్తుంటే, ఈ సంగతి తెలుసుకోవాలి.

పాత అంబాసిడర్లలో, ప్రీమియర్ పద్మిని కార్లలో గేరు రాడ్డు కింద ఉండదు. స్టీరింగు చక్రం కిందే పక్కకు ఉంటుంది. దీన్ని హ్యాండ్ గేరు అంటారు. ఎందుకలా పెట్టారు? అంబాసిడర్ ముందు సీటు బల్లలాగా ఒకటే ఉండేది. రాడ్డు అడ్డం లేకపోతే డ్రైవరు పక్కన ఇంకో ఇద్దరు కూర్చోవచ్చు. (మనవాళ్ళు ముగ్గుర్ని కూర్చోబెట్టారు. అది వేరే మాట!)

రాడ్డు చేతి దగ్గర ఉంది. గేరు బాక్సు మాత్రం దూరంగా, కారు అడుగున ఉంది. మరి చేతి కదలిక అక్కడికి ఎలా చేరుతుంది? స్టీరింగు వెంట ఒక గొట్టం కిందికి దిగుతుంది. దాని చివర చిన్న చేతుల్లాంటి ఇనప ముక్కలు ఉంటాయి. వాటి నుంచి కడ్డీలు గేరు బాక్సుకు వెళతాయి. కొన్ని బళ్ళలో ఒక కడ్డీ బదులు కేబుల్ ఉంటుంది. ఒకటి ఏ గేరు కావాలో ఎంచుతుంది. రెండోది ఆ గేరు వేస్తుంది.

ఈ ముక్కలు కలిసే ప్రతి చోటా ఒక పిన్ను, ఒక బుష్ ఉంటాయి. బుష్ అంటే రబ్బరుతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన చిన్న రింగు. అరిగిపోయేది ఇదే. వానాకాలంలో కొల్లేటి లంకల దారిలో వెళితే బురద చిమ్మి ఈ జాయింట్లలో చేరుతుంది. గ్రీజు పోతుంది. ఇనుముకు తుప్పు పడుతుంది. బుష్ అరిగితే రాడ్డు వదులుగా ఊగుతుంది. ఒక గేరు వేస్తే ఇంకోటి పడుతుంది. ఒక్కోసారి రెండు గేర్లూ ఒకేసారి పట్టుకుని బండి కదలదు. రెండు పక్కలా చేపల చెరువులు, మధ్యలో సన్నని గట్టు రోడ్డు. అక్కడ బండి ముందుకి పోవాల్సింది వెనక్కి పోతే ఏమవుతుంది?

అప్పుడు కొందరు మెకానిక్కులు "గేరు బాక్సు పోయిందమ్మా, దించాలి" అంటారు. అది వేల రూపాయల పని. తిరగలి పిడి వదులైతే రాయి మారుస్తామా? ముందు పిడి చూస్తాం కదా!

ఇక్కడా అంతే. ఇంజను ఆపించండి. హ్యాండ్ బ్రేకు వేయించి, చక్రాల కింద ఇటుకలు పెట్టించండి. బానెట్ ఎత్తి ఒకరు కడ్డీలు చూడాలి. ఇంకొకరు క్లచ్ తొక్కి రాడ్డు కదపాలి. రాడ్డు కదిలినా కడ్డీ కదలకపోతే తప్పు మధ్యలో ఉంది. పిన్నో, బుష్షో మారిస్తే చాలు. ఇంజను ఆపినప్పుడు గేర్లన్నీ చక్కగా పడి, స్టార్టు చేశాక గరగరమంటే క్లచ్ చూపించాలి. కడ్డీలు బాగా కదులుతున్నా గేరు పడకపోతే, అప్పుడు గేరు బాక్సు మాట ఆలోచించవచ్చు.

రాడ్డు మొదట్లో విరిగి చేతికి వచ్చేసిందా? వెల్డింగ్ చేస్తామంటారు. బండి మీదే ఉంచి చేయనివ్వకండి. స్టీరింగు గొట్టం దగ్గర హారన్ వైర్లు ఉంటాయి. కాలిపోతాయి. రాడ్డు ఊడదీసి చేయించాలి. అదీ ఇంటికి చేరేవరకే. వెల్డింగ్ ముక్క నడి రోడ్డు మీద మళ్ళీ విరగవచ్చు. కొత్త రాడ్డు దొరకడం ఇప్పుడు కష్టం. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్లు అమ్మే షాపులు ఉన్నాయి, అక్కడ వెతికించండి. విరిగిన ముక్క పట్టుకెళితే సరిగ్గా సరిపోయేది తెచ్చుకోవచ్చు.

పిన్ను ఊడిపోతే తీగ చుట్టి పంపేస్తారు కొందరు. ఒప్పుకోవద్దు. పిన్ను జారిపోకుండా స్ప్లిట్ పిన్ను పెట్టి, దాని కాళ్ళు వంచాలి. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి మాత్రం మీవాళ్ళను దూరనివ్వకండి.

డబ్బు ఇచ్చే ముందు బిల్లు చదవండి. బుష్‌లు ఎన్ని? పిన్నులు ఎన్ని? కూలి ఎంత? విడివిడిగా రాయమనండి. పాత బుష్‌లు ఇమ్మని అడగండి. అడగడానికి మొహమాటం ఎందుకు? డబ్బు మీదే, బండీ మీదే. కొత్తవి వేశాక జాయింట్లకు గ్రీజు పెట్టించండి. వానలు తగ్గాక మరోసారి పెట్టించండి.