కంటి ఆపరేషన్ గల్ఫులోనా, ఇంటికొచ్చాకా?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫు మనిషి లేని వాడ అరుదు. ‘కన్ను మసకబారింది, డాక్టరు ఆపరేషన్ అంటున్నడు’ అని అక్కడి నుంచి ఫోను రాగానే ఇక్కడ ఇంటిల్లిపాదిదీ ఒకటే మాట. ‘అక్కడ కోయించుకోకు బిడ్డా, టికెట్టు తీసుకొని వచ్చెయ్’ అంటుంది తల్లి. దిక్కూ మొక్కూ లేని చోట కొడుకు కంటికి కట్టుతో పడి ఉంటాడని ఆమె బెంగ. అయితే ఆ సలహా కొన్ని జబ్బులకు మంచిదే గాని, కొన్నిటిలో చూపుకే ఎసరు పెడుతుంది.

శుక్లానికి సాధారణంగా తొందర లేదు. అది నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. సెలవు మీద వచ్చి హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రిలోనో, ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రిలోనో, దగ్గరి పట్నంలోనో చేయించుకోవచ్చు. ఎండకు, దుమ్ముకు నల్లగుడ్డు మీదికి పాకే కండ కూడా చాలావరకు అంతే. సైటులో నల్లద్దాలు పెట్టుకుంటే షోకు అని నవ్వేవాళ్ళను నవ్వనివ్వాలి.

రెటీనా సంగతి వేరు. కంటి లోపల వెనక గోడకు అంటుకొని ఉండే పల్చటి పొర అది. అది చిరిగి ఊడుతున్నప్పుడు కంటి ముందు మెరుపులు కనిపిస్తాయి, ఒక్కసారిగా నల్లటి నలకలు తేలుతాయి, ఒక పక్క నుంచి తెర దించినట్టు నీడ కమ్ముతుంది. నొప్పి ఉండదు. నొప్పి లేదు గదా అని క్యాంపులో పడుకున్నవాడే నష్టపోతాడు. నడిమి చూపు పోకముందే ఆపరేషన్ జరగాలి. దానికి ఉండే గడువు రోజుల్లోనే. సుత్తి దెబ్బకు ఎగిరిన ఇనుప రజను కంట్లో దిగినా ఆగరాదు. ఇటువంటప్పుడు ఉన్నచోటే ఆసుపత్రికి పోవాలి.

ఈ ఆపరేషన్‌లో అతికించిన పొర కదలకుండా చాలాసార్లు కంట్లో గ్యాసు నింపుతారు. గ్యాసు ఉండగా విమానం ఎక్కరాదు. పైకి పోయినకొద్దీ చిప్సు ప్యాకెట్టు ఉబ్బినట్టే కంట్లో గ్యాసూ ఉబ్బుతుంది. కంటి ఒత్తిడి పెరిగి, నెత్తురు అందక చూపు పూర్తిగా పోవచ్చు. గ్యాసు రకాన్ని బట్టి అది కరగడానికి రెండు వారాల నుంచి రెండు నెలల దాకా పడుతుంది. గ్యాసుకు బదులు సిలికాన్ నూనె నింపితే విమానానికి అడ్డు లేదు గాని, దాన్ని తీయడానికి తర్వాత మరో ఆపరేషన్ ఉంటుంది. ఇంటికి పోవాలన్న సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

కష్టమంతా ఆపరేషన్ తర్వాతే. కొందరిని రోజుల తరబడి ముఖం కిందికి పెట్టి పడుకోమంటారు. ఒకదానిపై ఒకటి మంచాలున్న క్యాంపు గదిలో అది మాటలు కాదు. కింది మంచం ఇచ్చేవాడు, అన్నం తెచ్చేవాడు, వేళకు చుక్కల మందు వేసేవాడు కావాలి. ఊరివాళ్ళు నలుగురు వంతులు వేసుకుంటే గడుస్తుంది. ఇంటివాళ్ళు రమ్మని ఏడ్చేకన్నా ఆ నలుగురికి ఫోను చేయడం మేలు.

జీతం మాటకొస్తే, ఎమిరేట్స్ చట్టంలో ప్రొబేషన్ దాటినవారికి ఏడాదికి 90 రోజుల జబ్బు సెలవుంది: 15 రోజులు పూర్తి జీతం, 30 రోజులు సగం, మిగతా 45 రోజులు జీతం లేదు. సౌదీలో 30 రోజులు పూర్తిగా, 60 రోజులు ముప్పాతిక, మరో 30 రోజులు జీతం లేకుండా. ప్రైవేటు కంపెనీ కార్మికుడికి ఆరోగ్య బీమా కట్టే బాధ్యత ఈ రెండు దేశాల్లోనూ యజమానిదే. ఎమిరేట్స్ అంతటా ఇది 2025 జనవరి నుంచి తప్పనిసరి అయింది. అకామా లేని కల్లివెల్లి కార్మికుల గోస వేరు. బీమా ఉండదు, పట్టుబడతామన్న భయం. అత్యవసర వైద్యానికి రాయబార కార్యాలయాల్లో సంక్షేమ నిధి ఉంది, అడగాలి.

తిరిగి వచ్చేటప్పుడు ఆసుపత్రి కాగితాలన్నీ వెంట తేవాలి. ఏ గ్యాసు నింపారో, ఏ తేదీన నింపారో వాటిలో ఉండాలి. గ్యాసు నింపినట్టు మణికట్టుకు పట్టీ కడితే డాక్టరు చెప్పేదాకా విప్పరాదు. ఈలోగా వేరే జబ్బుకు మత్తు ఇవ్వాల్సివస్తే కంట్లో గ్యాసు ఉన్నట్టు ఆ డాక్టరుకు తెలియాలి. మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ కూడా దాన్ని ఉబ్బిస్తుంది.