నీటిపై తేలే నమూనా బరువెంత?

1898లో నికోలా టెస్లా ఒక చిన్న పడవను తీగలేవీ లేకుండా రేడియో తరంగాలతో నడిపి చూపాడు. నేడు అదే పద్ధతిలో నడిచే ట్యాంకు నమూనాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం విదేశీ ట్యాంకులవే. మన దేశంలో తయారైన వాహనానికి కూడా నమూనా ఉంటే బాగుండునని మీకనిపించడం లేదూ?

సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తయారైన బీఎంపీ-2 'సారథ్' వాహనాన్నే తీసుకోండి. ఇది సైనికులను మోసుకుపోతుంది. నీటిమీద తేలుతూ నదులు కూడా దాటుతుంది! పొడవు 6.7 మీటర్లు, బరువు సుమారు 14 టన్నులు.

దీన్ని 16వ వంతుకు తగ్గిస్తే పొడవు 42 సెంటీమీటర్లు. మరి బరువు? 14 టన్నులను 16తో భాగిస్తే 875 కిలోలు వస్తుంది. అంత బరువు బొమ్మను ఎవరు ఎత్తగలరు? పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గాయి కదా! కాబట్టి 16×16×16, అంటే 4,096తో భాగించాలి. అప్పుడు వచ్చేది సుమారు 3.4 కిలోలే.

ఘనపరిమాణం కూడా సరిగ్గా అన్ని రెట్లే తగ్గింది. అందుచేత నీరు లోపలికి చొరకుండా చూసి, బ్యాటరీ, మోటార్లతో సహా బరువు 3.4 కిలోలు మించకుండా చేస్తే, మీ నమూనా కూడా అసలు వాహనంలాగే తేలుతుంది. బరువు పెరిగేకొద్దీ లోతుగా మునుగుతుంది. కుప్పంలోనైనా మదనపల్లెలోనైనా ముందు ఇంటి నీళ్లతొట్టిలోనే పరీక్షించండి.

8వ వంతు నమూనా అయితే ఎంత బరువుండాలి? మీరే లెక్క కట్టండి!