పడగ లేని పామును పోల్చడం ఎట్లా?

పిల్లలూ! తిరుపతి చుట్టుపక్కల ఉండే మనకు పాములు కొత్త కాదు. ఎదురుగా కనిపించే కొండకే శేషాచలమని పేరు. ఏడుకొండలూ ఆదిశేషుడి పడగలని పెద్దలు చెబుతారు. అయినా చెనక్కాయల చేలో ఏ పాము కదిలినా "నాగుపాము!" అని కేకవేసి కర్ర ఎత్తుతారు. ఆ దెబ్బలకు విషం లేని పాములెన్నో చస్తవి. మరోవంక, నిజంగా ప్రాణం తీసే పాము జానెడు పొడవుంటే "ఇదేం చేస్తుందిలే" అనేవారూ ఉన్నారు.

మన దేశంలో సుమారు 300 జాతుల పాములున్నవి. మనుషుల ప్రాణాలు తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. నాలుగూ మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఉన్నవి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షలమంది చనిపోయారని పరిశోధకులు అంచనా వేశారు. కాబట్టి ఈ నాలుగింటి పోలికలు తెలిసి ఉండడం మంచిది. అయితే చూడడం దూరంనుంచే సుమా! రెండు బారల దూరానికి తగ్గరాదు.

ముందుగా ఒక సంగతి. రంగును నమ్మకండి. నాగుపాము గోధుమరంగులో ఉండవచ్చు, మట్టిరంగులో ఉండవచ్చు, నల్లగానూ ఉండవచ్చు. పడగ విప్పితే పోల్చడానికి పండితుడు అక్కరలేదు. పడగ వెనుక కళ్లజోడు గుర్తు కూడా చాలావాటికి ఉంటుంది. చిక్కంతా పడగ ముడిచినప్పుడే. అప్పుడది జెర్రిపోతులాగే కనిపిస్తుంది. జెర్రిపోతు ముఖం చూడండి. కళ్లు పెద్దవి, మెడ సన్నన, పెదవులమీద నిలువుగా నల్లని గీతలు సిరాతో గీసినట్టుంటవి. నాగుపాముకు తల, మెడ దాదాపు ఒకే వెడల్పు. జెర్రిపోతు ఆరేడడుగులు పెరిగి, మనిషిని చూడగానే ఈడ్చి కొట్టినట్టు పరుగుతీస్తుంది. నాగుపాముకు మగది జెర్రిపోతు అని మన పల్లెల్లో అంటారు. పేరులో "పోతు" ఉండబట్టి పుట్టిన మాట కాబోలు! రెండూ వేరువేరు జాతులు. జెర్రిపోతుల్లో ఆడవీ ఉన్నవి, నాగుల్లో మగవీ ఉన్నవి. జెర్రిపోతుకు విషం లేదు. చేలో ఎలుకలను తిని రైతుకు మేలు చేస్తుంది.

ఇక కట్లపాము. నా లెక్కలో నాలుగింటిలోనూ మోసకారి ఇదే. పగలు బొరియలో, రాళ్లసందున పడుకుని రాత్రిపూట తిరుగుతుంది. ఎలుకల కోసమో, బల్లుల కోసమో ఇంట్లోకి వచ్చి, నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు. గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కళ్లు తెరుచుకోకపోవడం మొదలవుతవి. నిగనిగలాడే నల్లని ఒంటిమీద సన్నని తెల్లకట్లు, జంటలు జంటలుగా ఉంటవి. దీనిలాగే కట్లున్న విషంలేని పాము ఒకటి గోడలెక్కి బల్లులకోసం తిరుగుతుంటుంది. దానిని తోడేలుపాము అంటారు. రెంటినీ ఎట్లా వేరుచేయాలి? కట్లు ఎక్కడ బాగా కనిపిస్తున్నవో చూడండి. కట్లపాముకు మెడదగ్గర కట్లు మసకగా ఉండి, లేదా అసలే లేక, తోకవైపు పోనుపోను స్పష్టమవుతవి. తోడేలుపాముకు సరిగ్గా తిరకాసు: మెడదగ్గర వెడల్పుగా మొదలై తోకవైపు చెరిగిపోతవి. ఒళ్లు కూడా నలుపుకంటె గోధుమవన్నె.

రక్తపింజరి కథ వేరు. లావుపాటి ఒళ్లు, త్రికోణం తల, వీపుమీద గొలుసుల్లాగా మూడు వరుసల మచ్చలు. దగ్గరికి పోతే కొలిమితిత్తిలాగా బుసకొడుతుంది. 1781లో విశాఖపట్నం వచ్చిన పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు మన తీరప్రాంతపు పాములను బొమ్మలతోసహా వర్ణిస్తూ 1796లో గొప్ప గ్రంథం వెలువరించాడు. మనవాళ్లు చెప్పిన పేర్లనే అందులో వ్రాసుకున్నాడు. ఈ పాముకు ఆయన విన్న పేరు "కాటుక రేకుల పొడ". ఎంత చక్కని పేరో చూడండి! కాటుక దిద్దిన రేకుల్లాంటి పొడలు! పేరు తెలిస్తే చాలు, పామును పోల్చవచ్చు. తరువాత శాస్త్రజ్ఞులు దానికి రస్సెల్ పేరే పెట్టారు. అట్లాగే కట్లపాముల జాతికి శాస్త్రంలో ఉన్న "బంగారస్" అనే పేరు మన తెలుగు "బంగారు"నుంచి పోయినదే.

ఇసుకనేలల్లో ఉండే మొద్దుతోక పాము ఒకటి రక్తపింజరిలాగే కనబడుతుంది. దాని మచ్చలు వంకరటింకరగా ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటవి. విడివిడి గొలుసు ఉండదు.

చిన్నపింజరి మూరెడు కూడా ఉండదు. తలమీద బాణంలాంటి గుర్తుంటుంది. కోపమొస్తే చుట్ట చుట్టుకుని పొలుసులను ఒకదానికొకటి రాసి, రంపంతో కోసినట్టు శబ్దం చేస్తుంది. రాళ్లు ఎత్తేటప్పుడు జాగ్రత్త.

"కరిచిన పామును చంపి ఆసుపత్రికి తీసుకుపోవాలా?" అని మీరు అడగవచ్చు. అక్కరలేదు. దానిని వెదికేలోగా కాలం దాటిపోతుంది, ఇంకొకరిని కరిచినా కరుస్తుంది. మన దేశంలో ఇచ్చే మందు ఈ నాలుగు పాముల విషాలకూ ఒకటే. విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంనుంచి ఆ మందు తీస్తారు. వైద్యులు పామును చూడకుండానే సంగతి గ్రహిస్తారు. రోగి రక్తం కొంచెం గాజుగొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజరి విషమని అనుమానం. కనురెప్పలు వాలిపోతుంటే నాగో, కట్లపామో అయి ఉంటుంది. కాబట్టి కరిచినచోట కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించవద్దు. కాలూచేయీ కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి, నేరుగా పెద్దాసుపత్రికి చేర్చాలి. మంత్రం వేయించేందుకు దారిలో ఆగరాదు.

అంతా తెలిసిన శాస్త్రజ్ఞులనుకూడా పాములు ఆశ్చర్యపెడుతుంటవి. చెట్టునుంచి చెట్టుకు గాలిలో జారే పాముల్లో ఒక జాతి సింహళంలో తప్ప ఎక్కడా లేదని చాలాకాలం అనుకున్నారు. 2013లో అది మన శేషాచలం అడవుల్లో కనబడింది!

పాములను పోల్చడం అలవాటు చేసుకోవాలంటే కుబుసంతో మొదలుపెట్టండి. దొడ్లో కుబుసం కనబడితే పెద్దవాళ్లచేత తీయించి, వెలుతురుకు ఎదురుగా పట్టించి చూడండి. వీపు నడుమ పొలుసుల వరుస మిగతావాటికంటె పెద్దదిగా, ఆరుమూలలుగా ఉన్నదా? చెట్లెక్కే పాములు కొన్నింటికీ అది పెద్దదిగానే ఉంటుంది కాని, కట్లపాముకు తప్పకుండా ఉంటుంది. అటువంటి కుబుసం దొరికిన ఇంట్లో ఆ రాత్రినుంచే అందరూ మంచాలమీద, దోమతెర అంచులు పరుపుకింద దోపుకుని పడుకోవాలి.