ఆస్తి కాగితాల మధ్య ప్రేమలేఖ

ఇంగ్లండ్‌లోని నార్‌ఫోక్‌లో పాస్టన్ కుటుంబానికి కేస్టర్ కోట విషయంలో ఏళ్ల తరబడి తగాదాలు. 1466లో భర్త పోయాక మార్గరెట్ పాస్టన్ పెద్దకొడుకుని హెచ్చరించింది... పత్రాలు జాగ్రత్త, మీ నాన్నకి ఇంట్లో సామాన్లకన్నా అవే ఎక్కువ అని. ఆ ఇంట్లో దస్తావేజులతోపాటు తరతరాల ఉత్తరాలూ మిగిలాయి.

వాటిలో ఒకటి 1477 ఫిబ్రవరిలో మార్గరెట్ రెండో కొడుకు జాన్‌కి మార్జరీ బ్రూస్ అనే అమ్మాయి రాసింది. అమ్మ ఎంత చెప్పినా నాన్న కట్నం పెంచడంలేదు, నిజంగా ప్రేమిస్తే నన్ను వదులుకోవు... అన్నది ఆమె మాటల సారాంశం. జాన్ వదులుకోలేదు, అదే ఏడాది పెళ్లయింది! ఇంగ్లిష్‌లో ఇప్పటికి దొరికినవాటిలో అతిపాత వాలెంటైన్ లేఖ ఇదేనంటారు.

పోట్లాడుకున్న కోట శిథిలమైంది. ఉత్తరాలు మాత్రం చాలావరకు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.